పెరగాల్సిన అంకె

రక్తపరీక్ష చేయించుకుంటే ఇచ్చే కాగితం మీద కుడిచేతి వైపు ఒక వరస ఉంటుంది. ఎంతనుంచి ఎంతవరకు ఉంటే మామూలో అందులో అచ్చువేసి ఉంటుంది. మన అంకె ఆ రెండింటి మధ్య ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. బయట ఉంటే గుండె జారిపోతుంది. పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం నా అంకె ఆ రెండింటి మధ్యే ఉంది. నేను చావుకు అన్నిటికంటే దగ్గరగా వెళ్ళింది ఆ మధ్యాహ్నమే.

ఇది చదివి ఒక్క ఇంట్లోనైనా ఒక్క మనిషైనా జాగ్రత్తపడితే చాలు. ఆ రోజులు నన్నింకా వదలలేదు. రాస్తే ఆ బరువు కొంత తగ్గుతుందేమోనన్న ఆశ కూడా ఉంది.

నా పేరు మల్లేశ్వరి. ప్రత్తిపాడు దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పని చేస్తాను. బండి తూకం చూడటం, పత్తి నింపిన బోరేల్లోకి తేమ మిషను గుచ్చి చూడటం, తేమకి తూకంలో ఎంత తరుగు తియ్యాలో చెప్పడం నా పని. చదివింది ఏడో తరగతి. శాతాలూ సగటులూ మిల్లుకొచ్చాక నాకు నేను నేర్చుకున్నాను. నేను నోటితో లెక్క చెబితే రైతులు ఫోనులో కొట్టి చూసుకుని, అప్పుడు తల ఊపేవాళ్ళు. కొన్నాళ్ళకి ఫోను తీయడం మానేశారు. నా భర్త శ్రీనివాసరావు నాకు మేనబావ. కౌలు పొలంలో మిరపా పత్తీ వేస్తాడు. మాకు ఒక్కతే కూతురు హారిక, గుంటూరులో డిగ్రీ రెండో ఏడు. మా ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా కాలేజీ నోటీసయినా, ముందు నా చేతికే వస్తుంది. నేను చూసి సరే అంటే సరే. ఆ అలవాటు గురించి తర్వాత చెబుతాను.

వైశాఖం

నెల తప్పితే ముట్లుడిగే వయసొచ్చిందనుకున్నాను. నాకు నలభై రెండు. మిరప కల్లంలో కూలీలు రంగుపోయిన తాలుకాయ ఏరుతుంటే కడుపులో తిప్పేది. మిరప ఘాటు అనుకున్నాను. రెండో నెల కూడా తప్పాక మా ఊరి ఆశా కార్యకర్త పరీక్ష పుల్ల తెచ్చింది. రెండు గీతలు పడ్డాయి. ఆమె నా ముఖంలోకి చూసి, "అక్కా, సంతోషపడనా వద్దా?" అని అడిగింది.

బావకు అక్క, రత్తమ్మ వదిన, మా వీధి చివరే ఉంటుంది. కబురు తెలిసి వచ్చి పీట వేసుకుని మరీ నవ్వింది.

"ఒసే మల్లీ, కూతురికి పురుడు పొయ్యాల్సిన ఏడు నువ్వు పోయించుకుంటున్నావా! మా వాణ్ణి కల్లం కాపలాకి పొమ్మంటే ఇంటికొచ్చి పడుకున్నాడా ఏంది?"

"నోరు ముయ్యి వదినా, పిల్ల వింటుంది."

"విననియ్యి. దాని పెళ్ళిలో దాని తమ్ముణ్ణి చంకనేసుకుని అక్షింతలు వేద్దువుగాని."

సెలవులకు వచ్చిన హారిక వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మర్నాడే హాస్టలుకి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే, "నా ఫ్రెండ్స్‌కి ఏమని చెప్పాలమ్మా?" అని ఒక్క మాట అడిగి పెట్టేసింది.

బావ మాత్రం, "నీ ఇష్టం మల్లీ. వద్దనుకుంటే ఇప్పుడే డాక్టరుకి చూపిద్దాం. కావాలనుకుంటే పెంచుకుందాం" అన్నాడు. ఎందుకు కావాలనిపించిందో నేను వేసిన ఏ లెక్కకీ అందలేదు. ఖర్చు, వయసు, నవ్వే నోళ్ళు, అలిగిన కూతురు, అన్నీ వద్దనే వైపే ఉన్నాయి. నాకు ఆ బిడ్డ కావాలి. అంతే.

శ్రావణం

శుక్రవారం పూజకు వదిన ఎర్రగాజులు తెచ్చింది. ఎప్పుడూ నేను వేసుకునే కొలతే. కణుపుల దగ్గర ఆగిపోయాయి. సబ్బు నురగ రాసి నెడితే రెండు విరిగాయి. మిగిలినవి ఎక్కాయిగానీ మళ్ళీ తిరగలేదు, మణికట్టు మీద అచ్చుపడి ఉండిపోయాయి.

"ఒళ్ళు చేశావే" అని మురిసిపోయింది వదిన.

మా వైపు గర్భిణి ఒళ్ళు చేయకపోతేనే దిగులు. చేస్తే పండగ. వీధిలో ఎవరు చూసినా అదే మాట. ముఖం నిండింది, చెంపలు మెరుస్తున్నాయి, ఈసారి మగపిల్లాడే అన్నారు. చీలమండ మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి చాలాసేపటికిగానీ పూడేది కాదు. అది చూపిస్తే, "కాళ్ళకి నీరు దిగితే కాన్పు సులువవుద్దంటారు, భయపడమాకు" అన్నారు.

మిల్లులో చిన్న కాటా ఎక్కి చూసుకున్నాను. వారంలో అంత పెరగడానికి నేను తిన్న తిండి చాలదు. ఆ సంగతి నాకు తెలుసు. బోరెం బరువు ఉన్నట్టుండి పెరిగితే నేను మొదట అనుమానించేది నీళ్ళనే. నా బరువును మాత్రం అనుమానించలేదు. ఒళ్ళు చేసింది అన్న మాటలో ఎంత హాయి ఉందో, అనిపించుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ నెలలోనే మొదటి రక్తపరీక్ష కాగితం వచ్చింది. ఆల్బుమిన్ అనే దాని ఎదురుగా అంకె తక్కువ ఉండి, పక్కన కిందికి బాణం గుర్తు ఉంది. బావ ఆ బాణం చూసి అన్నం మానేశాడు. ఊళ్ళోని డాక్టరు గారి దగ్గరికి వెళితే ఆయన నింపాదిగా చెప్పాడు.

"ఆల్బుమిన్ రక్తంలో ఉండే ప్రొటీనమ్మా. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. మజ్జిగలో నీళ్ళు పోస్తే చిక్కదనం తగ్గదూ? అట్టాగే ఇదీ కొంచెం తగ్గి కనిపిస్తుంది. ఆ పక్కన అచ్చేసింది మామూలు మనుషుల లెక్క. కాళ్ళవాపు ఉంది కాబట్టి బీపీ, మూత్రం పరీక్ష మాత్రం వదలకుండా చేయించుకుంటూ ఉండండి."

నాకు ఎంత సంబరమో! ఒక కొత్త సూత్రం దొరికింది. తగ్గినదానికి బాణం ఉన్నా భయపడనక్కర్లేదు. బాణమే లేనిదానికి అసలు అక్కర్లేదు. ఇంటికొస్తూ దారి పొడవునా బావకి అదే విడమరిచి చెప్పాను. డాక్టరు గారు చెప్పినదానికి రెండో సగం ఒకటుందని నాకు తట్టలేదు. కడుపుతో ఉన్న మనిషి రక్తంలో కొన్ని తగ్గినట్టే, కొన్ని పెరగాలి కూడా. పెరగాల్సింది పెరగకపోతే కాగితం బాణం వెయ్యదు. అది నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆశ్వయుజం

దసరా వెళ్ళాక మొదటి తీత పత్తి మిల్లుకు రావడం మొదలైంది. బండ్లు రోడ్డు దాకా నిలబడేవి. ఆ రద్దీలో తలనొప్పి పట్టుకుంది. మాత్రకు లొంగలేదు. కుడి డొక్క పైన ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టుండేది. ఒకరోజు కాటా అద్దంలో ఎర్ర అంకెల చుట్టూ మిణుగురులు తిరిగాయి. చూసింది చూసినట్టు చెబుతున్నాననే అనుకున్నాను.

"ఏందమ్మా, ఏడుని ఒకటంటన్నావు? దార్లో నా పత్తి నేనే తిన్నానా ఏంది?" అని ఒక రైతు అరిచాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్ళీ చూస్తే ఏడూ లేదు, ఒకటీ లేదు, ఎర్రటి మసక ఒక్కటే ఉంది. నా ముఖం చూసి ఆ రైతే నవ్వు ఆపేశాడు.

డాక్టరుకి చూపిస్తే బీపీ నూట అరవై మీద ఉంది. ప్రొటీను పోతోందేమో చూడ్డానికి మూత్రంలో ముంచిన పుల్ల రంగు మారి ముదురాకుపచ్చ అయింది. ఊళ్ళోని డాక్టరు గారు ఈసారి మజ్జిగ ఉపమానం ఏదీ చెప్పలేదు. చీటీ రాసి ఇచ్చి, "ఇంటికి పోయి బట్టలు సర్దుకోవద్దు, ఇట్నించిటే గుంటూరు పోండి" అన్నాడు.

గుంటూరులో నన్ను చేర్చుకున్న ఆసుపత్రిలో ఒక పొడుగాటి హాలు ఉంది. గోడల వెంట బల్లలు, బల్లల కింద కేరేజీలు, చెంబులు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు పేరు కంటే ముందు బీపీ అడుగుతారు. మార్టూరు నుంచి వచ్చిన సామ్రాజ్యం పెద్దమ్మ అక్కడే పరిచయమైంది. ఆమె కోడలు స్వప్నది నా పక్క మంచం. కడుపుతో ఉండగా నాకొచ్చిన బీపీ జబ్బే ఆ పిల్లకీ. కొడుకు వెంకటేశు గ్రానైటు పాలిషు యూనిట్లో పని చేస్తాడు. ఎంత స్నానం చేసి వచ్చినా చెవుల వెనక తెల్లటి రాతిపొడి ఉండేది. పెద్దమ్మ ఉడికించిన గుడ్లు ఒలిచి, పచ్చసొన తను తిని, తెల్లసొన మా ఇద్దరికీ పెట్టేది.

"తిను తల్లీ. ఇదే ప్రొటీనంట. పోయిందాన్ని పూడ్చుకోవాలి గదా."

"అత్తా, మాకు తెల్లది పెట్టి పచ్చది నువ్వు మింగతన్నావు. ఇంతకీ జబ్బెవరికి?" అనేది స్వప్న. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. కళ్ళు తెరుచుకోలేనంత వాపులో కూడా నవ్వేది.

అక్కడి పెద్ద డాక్టరమ్మ నా మణికట్టు మీది గాజుల అచ్చు చూసి, రబ్బరు తొడుగు తీసి వేలితో నొక్కింది.

"రక్తంలో ప్రొటీను నీళ్ళని నాళాల్లో పట్టి ఉంచుతుందమ్మా. మీకది మూత్రంలో కారిపోతోంది. పట్టి ఉంచేది లేకపోతే నీళ్ళు నాళాల్లోంచి బయటికొచ్చి ఒంట్లో చేరతాయి. మీది ఒళ్ళు కాదు, నీరు."

"గుడ్లు తింటే పూడదా మేడం?"

"తినండి, మంచిదే. కానీ చిల్లు మూత్రపిండం దగ్గరుంటే నోట్లో ఎంత పోసి ఏం లాభం? దీనికి మందు కాన్పే. బిడ్డకి ఎన్నాళ్ళు ఆగితే అంత మంచిది. మీకు ఎన్నాళ్ళు ఆగితే అంత చెడ్డది. రెండూ చూసుకుంటూ పోదాం. ఈలోపు కడుపు గట్టిపడ్డా, రక్తం కనబడ్డా, క్షణం ఆగకుండా నర్సుకి చెప్పండి."

మంచం మీద పడుకుని ఆ మాటల్నే తిప్పి తిప్పి చూశాను. ఒకే రోజు. ఒకరి ఖాతాలో కూడిక, ఇంకొకరి ఖాతాలో తీసివేత. అలాంటి లెక్క మిల్లులో ఎప్పుడూ రాలేదు.

వదిన చూడ్డానికి వచ్చి నా ముఖం చూసి, దుప్పటి కాళ్ళ మీదికి లాగింది. వెళ్ళేముందు బావని పక్కకు పిలిచింది. నాకు వినపడనే వినపడింది.

"ఒరేయ్, ఏడో నెల బిడ్డన్నా బతుకుతుందిగానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు. తొమ్మిది పడేదాకా కత్తి పెట్టనియ్యమాకు."

ఏడు కంటే ఎనిమిది పెద్దది. ఏడులో బతికేది ఎనిమిదిలో ఎందుకు బతకదు? వదిన ఎదురుగా అంటే ఆ మాటే అడిగేదాన్ని. అయినా బిడ్డ కదిలినప్పుడల్లా ఆమె మాట కూడా కడుపులో కదిలేది. తొమ్మిది పడితే చాలు, తొమ్మిది పడితే చాలు అనుకుంటూ నెల వెళ్ళదీశాను.

కార్తీకం

బంగాళాఖాతంలో అల్పపీడనం. ముసురు పట్టింది. మా చేలో పగిలిన కాయలు చెట్టు మీదే తడిసి నల్లబడుతున్నాయని బావ ఫోనులో ఎవరితోనో చెబుతున్నాడు. ముందురోజు స్వప్న మంచం ఖాళీ అయింది. దుప్పటి తీసేసి రెగ్జిను తుడిచి వెళ్ళారు. నర్సుని అడిగితే, "ఐసీయూకి మార్చారు" అని నా వైపు చూడకుండా చెప్పింది. హాల్లో పెద్దమ్మ బల్ల మీద గుడ్ల డబ్బా ఒక్కటే ఉంది.

మధ్యాహ్నం అన్నాలవేళ నడుములో నొప్పి మొదలైంది. కాసేపటికి కడుపు చెక్కలా బిగుసుకుంది. నొప్పి వచ్చి పోవడం లేదు, వచ్చి అలాగే ఉండిపోయింది. బట్ట మీద కొంచెం రక్తం. నర్సుకి చెప్పాను. డ్యూటీ డాక్టరు వచ్చి బిడ్డ గుండె విన్నది. రక్తం తీయించి, బావతో, "ల్యాబ్ పక్క బిల్డింగులో. రిపోర్టు రాగానే పరుగున తెచ్చి నర్సుకివ్వండి. పెద్ద మేడం ఆపరేషన్లో ఉన్నారు, ఆవిడకి చెబుతాను" అని వెళ్ళింది.

బావ వానలో వెళ్ళి వానలో వచ్చాడు. కాగితం తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. నర్సు వార్డు అవతలి చివర ఇంకో మంచం దగ్గర ఉంది. ఆమెకివ్వాల్సిన కాగితాన్ని ఇంటి అలవాటు కొద్దీ నా చేతికిచ్చాడు.

"నువ్వు చూడు మల్లీ."

చూశాను. ఆల్బుమిన్ తక్కువ, బాణం ఉంది, తెలిసిందే. ఇంకో వరస కొత్తది. ఫైబ్రినోజన్. నా అంకె రెండు వందల ముప్పై. పక్కన రెండు వందల నుంచి నాలుగు వందలు అని అచ్చు. బాణం లేదు.

"ఇది నార్మలే బావా."

"నిజంగా?"

"మధ్యలోనే ఉంది, చూడు."

బావ స్టూలు మీద కూలబడి తడిచేతులతో ముఖం కప్పుకున్నాడు. "అయితే ఇప్పుడే కోస్తామనరుగా? తొమ్మిది పడటానికి ఇంకెంతో లేదు" అన్నాడు. నాకూ అదే ఆశ.

"నర్సమ్మ ఇటొచ్చినప్పుడు ఇద్దాంలే. నువ్వు పోయి టీ తాగిరా, వణుకుతున్నావు" అన్నాను. కాగితం దిండు కింద పెట్టుకున్నాను.

ఇక్కడే ఆగి చదవమని నా మనవి. కడుపు చెక్కలా ఉంది. నొప్పి పెరుగుతోంది. డాక్టరమ్మ క్షణం ఆగొద్దంది. దిండు కింద మాత్రం నార్మల్ అన్న కాగితం ఉంది. నేను నొప్పిని కాదని కాగితాన్ని నమ్మాను. అంకె సరిగ్గా ఉంది కాబట్టి నొప్పే ఎక్కడో పొరపాటు పడి ఉంటుందనుకున్నాను.

అప్పుడు హారిక వచ్చింది. నన్ను చేర్చినప్పటి నుంచి రోజూ వచ్చేది, నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ రోజు గొడుగు ముడవకుండానే మంచం దగ్గర నిలబడిపోయింది.

"అమ్మా, నీ పెదాలు తెల్లగా ఉన్నాయేంటి?"

"ఏం లేదే. రిపోర్టు నార్మల్."

"వాళ్ళు చూశారా?"

"ఇస్తాలే, నర్సు రానీ."

"వాళ్ళకివ్వమన్న కాగితం నీ దిండు కింద ఎందుకుందమ్మా?"

జవాబు కోసం ఆగలేదు. దిండు కింద చెయ్యి పెట్టి కాగితం లాక్కుని పరుగెత్తింది. దాంట్లో ఏముందో తనకీ తెలియదు. ఎవరికివ్వాలో మాత్రం తెలుసు.

పెద్ద డాక్టరమ్మ ఆపరేషను టోపీతోనే వచ్చింది. కడుపు మీద చెయ్యి వేసి, కాగితం చూసి, "ఇది వచ్చి ఎంతసేపయింది?" అని అడిగింది.

"నార్మలే కదా మేడం" అన్నాను నేను.

"ఎవరికి నార్మల్?" ఆమె గొంతు పెంచలేదు. అందుకే ఇంకా భయమేసింది. "ఇది రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీను. కాన్పులో రక్తం పోతుందని ఒళ్ళు ముందే దీన్ని పెంచి పెట్టుకుంటుంది. ఈ నెలలో మీకిది ఇంచుమించు రెట్టింపు ఉండాలి. మగవాళ్ళకుండేంతే ఉందంటే, మిగతాదంతా ఏమైంది? బిడ్డ మాయ వెనకాల రక్తం చేరుతోంది, అక్కడ ఖర్చయిపోతోంది. ఈ కాసేపట్లో ఇంకా పడిపోయి ఉంటుంది." అప్పటికే నా మంచం కదిలింది.

బావ టీ గ్లాసుతో ఎదురొచ్చాడు. "ఎనిమిదో నెల మేడం..." అన్నాడు.

"ఏడో ఎనిమిదో బిడ్డకి తెలియదండీ. సంతకం పెట్టండి. రక్తం ఇచ్చేవాళ్ళని పిలవండి, ఎంతమంది దొరికితే అంతమంది."

మంచం దొర్లుతుంటే పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నాయి. అప్పుడు నాకర్థమైంది. కార్తీకంలో, మంచు పడే పొద్దున తీసిన పత్తికి ఉండే తేమ మాఘంలో కనబడితే ఆ బోరెం నేనే పక్కన పెట్టిస్తాను. అదే అంకె, ఋతువు వేరు. ఇన్నేళ్ళూ ఆ పని చేసిన మనిషిని, నా ఒంటికి కూడా ఋతువు ఉంటుందని ఎందుకు తోచలేదు? బిడ్డ కదులుతోందా అని చెయ్యి వేశాను. చెక్క. ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ముఖం మీద రబ్బరు వాసన.

మిగతాది వాళ్ళు చెబితే విన్నదే. కోసిన చోట కుట్లు వేసినా రక్తం ఆగలేదట. సూది గుచ్చిన ప్రతి చోటా ఊరుతూనే ఉందట. సంచులకొద్దీ రక్తం, ప్లాస్మా ఎక్కించారు. రక్తనిధిలో తీసుకున్నదానికి బదులుగా రక్తం ఇవ్వాలంటే హారిక ఇచ్చింది. మిల్లు హమాలీలు ముగ్గురు ట్రక్కు ఆటోలో తడుస్తూ వచ్చి ఇచ్చారు. ఐసీయూ బయట కూర్చున్న వెంకటేశు తన భార్య సంగతి ఇంకా తేలకుండానే లేచి వచ్చి, చొక్కా చెయ్యి మడిచాడట. రక్తం తీసేటప్పుడు సిస్టరు మోచేతి మడతలోని రాతిపొడి రెండుసార్లు తుడవాల్సి వచ్చిందని హారిక చెప్పింది.

కళ్ళు తెరిచేసరికి గొంతులో గొట్టం ఉంది. మాట రాదు. ముందు కడుపు మీద చెయ్యి వేయబోయాను, చెయ్యి కట్టేసి ఉంది. పక్కన హారిక. నా కళ్ళు ఎటు పోతున్నాయో చూసింది.

"చెల్లి" అంది.

నేను ఇంకా అడుగుతున్నానని అర్థమైంది కాబోలు.

"ఏడ్చింది. కొంచెం ఆగి ఏడ్చింది."

ఆ కొంచెం ఎంతో నేను ఇప్పటిదాకా అడగలేదు. అంకెలంటే ఇంత ఇష్టమున్నదాన్ని, ఆ ఒక్కటి వద్దనుకున్నాను.

ఐసీయూలో పొద్దునా సాయంత్రం రక్తం తీసేవాళ్ళు. తీసినచోట దూది నొక్కి పట్టుకుని, ఎర్రబడటం ఆగుతుందా లేదా అని చూస్తూ పడుకునేదాన్ని. మాట వచ్చాక నేను మొదట అడిగింది, కాగితం చూపించమని.

"ఇవ్వను. మీరు మళ్ళీ చదువుతారు" అంది డాక్టరమ్మ. ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. "పెరుగుతోంది. అంతవరకు చాలు మీకు."

పాప గాజుపెట్టెలో ఉంది. ఒంటి వేడి కోసం మనిషి గుండెకి ఆనించి పడుకోబెట్టాలన్నారు. నేను లేవలేను. నా బదులు హారికని కూర్చోబెట్టారు. చెల్లెలి గురించి స్నేహితులకి ఏం చెప్పాలని అడిగిన పిల్ల, గంటలు గంటలు కదలకుండా, తుమ్ము వచ్చినా ఆపుకుని కూర్చునేదని నర్సులు చెప్పారు. వదిన అద్దంలోంచి చూసి, "ఎనిమిదో నెలది" అని మొదలుపెట్టబోతే, "అత్తా, ఆ మాట ఇంకోసారంటే నిన్ను హాల్లోంచి పంపించేస్తా" అందట. వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఊరుకుంది.

స్వప్న బతికింది. ఆమె బిడ్డ బతకలేదు. వాళ్ళు ఊరికి వెళ్ళే రోజు పెద్దమ్మ నా దగ్గరికి వచ్చి గుడ్ల డబ్బా నా బల్ల మీద పెట్టింది. మూత ఒకసారి సరిచేసి వెళ్ళిపోయింది. ఆ రెండు మంచాల మీద ఎవరికేం దక్కాలో ఏ లెక్క చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మాఘం

ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. నీరు తీసింది. ముఖంలో నా పాత ముఖం బయటపడింది. వదిన చూసినప్పుడల్లా, "ఒళ్ళు తీసేశావే" అంటుంది. నీరు వదినా అని సరిచేయడం మానేశాను. జుట్టు పిడికిళ్ళతో ఊడుతోంది. బీపీ మాత్ర ఇంకా ఆపలేదు. పుల్ల ఇంకా కొంచెం రంగు మారుతూనే ఉంది. ఈ జబ్బు కాన్పుతో పోతుందంటారుగానీ, పోతూ పోతూ గుండెకీ మూత్రపిండాలకీ గుర్తులు పెట్టి పోవచ్చునట. ఏడాదికొకసారి చూపించుకోవాలన్నారు, బతికినన్నాళ్ళూ. మధ్యాహ్నం పూట అలారం మోగినట్టు ఉలిక్కిపడి పాప ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తాను. పైకీ కిందికీ కదిలితే మళ్ళీ పడుకుంటాను.

చదివేవాళ్ళకి చెప్పగలిగింది కొంచెమే. మీ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఒళ్ళు చేసిందని మురిసే ముందు వేలితో నొక్కి చూడండి. గుంట పడితే డాక్టరుకి చూపించండి. నొప్పిదీ కాగితానిదీ వేరే వేరే మాటయితే నొప్పి మాటే వినండి. కాగితం ఎవరికివ్వమన్నారో వాళ్ళకే ఇవ్వండి.

మొన్న ఆదివారం హారిక హాస్టలు నుంచి వచ్చింది. రాగానే కాళ్ళు కడుక్కుని పాపని ఎత్తుకుంది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. నేను బట్టలు మడతపెడుతున్నాను. చాలాసేపు చెల్లెలి వేళ్ళు లెక్కపెడుతున్నట్టు ఆడిస్తూ ఉండి, తల ఎత్తకుండా అడిగింది.

"నాకూ వస్తుందా అమ్మా?"

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ నాతో చెప్పింది. తల్లికి వస్తే కూతురికి వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువని. హారికకి ఎవరూ చెప్పలేదనుకున్నాను. తనే ఎక్కడో చదివినట్టుంది. అబద్ధం చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను.

"వస్తుందని కాదు. రావచ్చు. మిగతావాళ్ళ కంటే నీకు ఎక్కువ. కడుపు నిలిచిందని తెలిసిన రోజే డాక్టరుకి మా అమ్మకొచ్చిందని చెప్పు. అడిగేదాకా ఆగమాకు. ముందు నుంచీ తెలిస్తే కాచుకోవడానికి మందులున్నాయంట."

తల ఊపింది. భయపడుతుందనుకున్నాను. భయపడింది కూడా. కాసేపాగి ఒళ్ళోకి చూసి, "మరి దీనికో?" అంది.

నా చేతులు ఆగిపోయాయి. మనసులో లెక్క దానంతటదే నడిచింది. ఇది ఇప్పటి హారిక అంత అయ్యేసరికి నాకు అరవై దాటుతాయి. తల్లయ్యే వయసుకి ఇంకా ఎక్కువ. నా బీపీ, నా మూత్రపిండాలు, డాక్టరమ్మ ఏడాదికొకసారి చూపించుకోమన్న తీరు, అన్నీ కలిపి చూశాను. తేలిన అంకె పైకి చెప్పలేదు.

"దానికి నువ్వు చెప్పాలి" అన్నాను.

హారిక నా వైపు చూసింది. నేనేమన్నానో అర్థమైందని తన ముఖం చూస్తే తెలిసింది. పాపని భుజం మీదికి మార్చుకుని, మెడ కింద చెయ్యి ఆనించి పట్టుకుంది.

"అయితే మొదట్నుంచీ చెప్పమ్మా" అంది. "ఒక్కటీ వదలకుండా చెప్పు."